బెళుగుప్ప బయల్లో బండి మేలుకున్న రాత్రి

నేను ఏది చెప్పినా సగం తీసేసి వినాలని ఉరవకొండ టీ అంగడి దగ్గర అందరికీ తెలుసు. తీసేసుకోండి, నాకేం బాధ లేదు. ఈ ఒక్క రాత్రి సంగతి మాత్రం అట్లా వినకండి. ఇది జరిగింది. నాకే జరిగింది.

ఖాదర్, నేను వయసంతా ఒకే లారీ మీద తిరిగాం. లారీ వదిలేశాక కూడా ఇంట్లో కాలు నిలవక, ఒక పాత మినీ బస్సు కొని క్యాంపర్ వ్యాన్‌లా మార్చుకున్నాం. రెండు పడకలు, చిన్న సింకు, ఫ్రిజ్, ఫ్యాను, పైన సోలార్ పలకలు. ఇంజనుకు ఉండే బ్యాటరీ కాక, వీటన్నిటి కోసం ఖాదర్ పడక కింద ఒక లిథియం బ్యాటరీ. బుద్ధి పుట్టిన చోటికల్లా పోయేవాళ్లం. పోయిన చలికాలంలో ఖాదర్ చనిపోయాడు.

ఒక్కణ్ణే ఎక్కడికి పోతాను? బండి అమ్మేద్దామనుకున్నాను. గుత్తి కోట చూడ్డానికి వచ్చేవాళ్లకు బాడుగకు తిప్పడానికి కొంటానని ఒక శెట్టి ముందుకొచ్చాడు. మర్నాడు పొద్దున వచ్చి తోలుకుపోతానన్నాడు. అంటే ఆ బండిలో నాకు అదే ఆఖరి రాత్రి. ఊళ్లో పడుకోబుద్ధి కాలేదు. ఖాదర్‌కు ఇష్టమైన చోటికి తోలుకుపోయాను. బెళుగుప్ప దాటాక, గాలిమరల కింద, చెట్టూ చేమా లేని బయలు.

మే నెల. ఆ ఎండ ఎట్లాంటిదంటే, డ్యాష్‌బోర్డు మీద గుడ్డు పెడితే ఆమ్లెట్టు అయ్యేది. సరే, కాదు... ఒక చాక్లెట్టు కరిగి కాగితంలోంచి కారింది, అంతే. నేను చేసిన తప్పు ఒకటుంది. గాలి వస్తుందని చూసుకుని బండి నిలబెట్టాను. ఖాదర్ పడక ఉన్న వైపు పడమటి ఎండకు దొరికిపోయింది. మధ్యాహ్నం నుంచి పొద్దు గుంకేదాకా ఆ రేకు కాలుతూనే ఉంది. పడక కింద ఆ బ్యాటరీ పెట్టెకు గాలి కూడా ఆడదు.

మునిమాపు వేళ ఫ్యాను ఆగింది.

లైటు ఆరింది. ఫ్రిజ్ గుర్రుమనడం మానేసింది. లైటు స్విచ్చులన్నీ వేసి చూశాను. ఫ్యాను స్విచ్చు తీశాను, వేశాను. మొహం కడుక్కుందామని కొళాయి తిప్పాను. కొళాయి తిప్పితే మోటారు ఆడాలి, అది ఆడితేనే కదా నీళ్లు... ఒక్క చుక్క రాలేదు. మెకానిక్‌కు ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. విసుగొచ్చి ఎక్కడివి అక్కడ వదిలేసి పడుకున్నాను.

చీకటి. మామూలు చీకటి కాదు. లోపల ఉడుకు, బయట గాలిమర రెక్కల చప్పుడు. హుష్... హుష్... హుష్... ఎదుటి పడక ఖాళీగా ఉందని చూడకుండానే తెలుస్తోంది. ఉన్నప్పుడు వాడి గురకకు నిద్ర పట్టడం లేదని రోజూ తిట్టేవాణ్ణి. ఆ రాత్రి ఎంతసేపు దొర్లానో.

ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. మెలకువ వచ్చేసరికి ఉడుకు తగ్గింది. తెల్లవారుజాము కాబోలు. ఒళ్లు కొంచెం చల్లగా తగిలింది.

అప్పుడు...

టక్.

ఖాదర్ పడక కింద నుంచి. చిన్న చప్పుడు. ఎవరో లోపలి నుంచి వేలితో కొట్టినట్టు.

ఫ్యాను ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు. మెల్లగా... మెల్లగా... తర్వాత వేగంగా. వాడి తల దగ్గరి లైటు వెలిగింది. దుప్పటి లేని పరుపు, వాడి తల పెట్టి పెట్టి గుంట పడిన దిండు కనిపించాయి. నేను లేవలేదు.

గుర్ర్‌మని మోటారు ఆడింది.

సింకులో నీళ్లు పడుతున్నాయి. ధారగా... నింపాదిగా...

ఖాదర్ లేచే వేళ అది. నమాజుకు ముందు చేతులు, మొహం, కాళ్లు కడుక్కుంటాడు. ఆ చప్పుడు వింటూ ఇంకో కునుకు తీయడం నాకు అలవాటు.

తల తిప్పాను. సింకు ముందు తెల్ల టోపీ పెట్టుకున్న మనిషి, నాకు వీపు చేసి, మోచేతుల దాకా కడుక్కుంటూ...

లేదు. ఆగండి. ఆ మనిషి అబద్ధం. అక్కడ ఎవరూ లేరు. నేను తల తిప్పనే లేదు. గోడ వైపు తిరిగి కళ్లు గట్టిగా మూసుకున్నాను. వినడం మాత్రం విన్నాను.

నీళ్లు పడ్డాయి. కాసేపు పడ్డాయి.

ఆగిపోయాయి.

మోటారు కూడా ఆగింది. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.

వెలుతురు వచ్చాక లేచి చూశాను. సింకు తడిగా ఉంది. కొళాయి కట్టేసి ఉంది.

బెళుగుప్పకు వచ్చి సిగ్నల్ దొరకగానే మెకానిక్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. వాడు నవ్వాడు.

"దాంట్లో చిన్న బోర్డు ఉంటాదన్నా. బ్యాటరీ మరీ కాగిపోయిందంటే అదే కరెంటు ఆపేస్తాది. సల్లబడినాక మళ్లీ అదే ఇస్తాది. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఇట్లే ఎండలో పెడ్తాంటే మాత్రం దాని ఆయుస్సు తగ్గిపోతాది, నీడకు నిలబెట్టుకో."

నా ప్రాణం కుదుటపడింది. స్విచ్చులన్నీ నేనే వేసి వదిలేశాను కదా. కొళాయి కూడా నేనే తెరిచి వదిలేశాను కదా. కరెంటు రాగానే అన్నీ మేలుకున్నాయి. సరే.

"మరి కొళాయి కట్టేసినోడు ఎవడప్పా?" అని అడిగాను.

"నాకేం తెలుసన్నా. నేను కరెంటోణ్ణి."

ట్యాంకులో నీళ్లు అయిపోయాయేమోనని చూశాను. సగానికి పైగా ఉన్నాయి. నిద్రమత్తులో నేనే లేచి కట్టేశానేమో. నా కాళ్లకు ఆ ధైర్యం ఎక్కడిది? ఖాదర్ మాత్రం కట్టేవాడు. కరువు సీమలో పుట్టినోడు, నేను వదిలేసిన కొళాయినల్లా నన్ను తిడుతూ కట్టేవాడు.

ఊరికి చేరేసరికి శెట్టి వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూసి, తాళం అడిగాడు. చేయి జేబులోకి పోయింది కానీ బయటికి రాలేదు. అప్పుడు ఆ తెల్ల టోపీ మనిషిని పుట్టించాను. మోచేతులూ, నీళ్లూ, వీపూ... అన్నీ పూస గుచ్చినట్టు చెప్పాను. బోర్డు సంగతి చెప్పలేదు. శెట్టి మొహంలో రంగు మారింది.

"నీకు భయం కాలేదా అన్నా?"

"అయింది" అన్నాను. "ఫ్యాను ఆగినప్పుడు."

అది అబద్ధం కాదు. శెట్టి మళ్లీ రాలేదు.

బండి నా దగ్గరే ఉంది. ఇప్పుడు బ్యాటరీ వైపు నీడలో పెడుతున్నాను. మళ్లీ అదే చోటికి పోయి, రాత్రి కొళాయి తెరిచిపెట్టి పడుకుంటే కట్టేసేది ఎవరో తేలిపోతుంది కదా అని టీ అంగడి వాళ్లు అంటారు. నేనూ అనుకుంటాను.

తెల్లవార్లూ నీళ్లు పోతూనే ఉంటే...?

అందుకే పోలేదు.