ముప్పై ఒకటో డివిజన్‌కి మా ఇంట్లో మరమ్మతు

రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ సైన్యంలో ముప్పై ఒకటో పదాతి డివిజన్ అని ఒకటి ఉండేదని యాభై ఏళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు. దానికీ నేను తెలియదు కాబట్టి ఎవరికీ నష్టం లేకుండా గడిచిపోతున్న రోజుల్లో, ఫిల్మ్‌నగర్‌లో ఒక డైరెక్టరుగారు నన్ను పిలిచి, ఆ డివిజన్‌లో నూట ఇరవై మందికి బట్టలు తయారు చేయమన్నారు.

నేను సినిమాల్లో కాస్ట్యూమర్‌ని. అప్పటికి ఇరవై రెండేళ్ళుగా అసిస్టెంటుని. అంటే, హీరో చొక్కాకి గుండీ ఊడితే సూదీదారంతో పరుగెత్తేది నేను, ఆ చొక్కా బాగుందని ఎవరైనా అంటే చేతులు జోడించేది మా పెద్దాయన. ఈసారి పెద్దాయనకి ఇంకో పెద్ద సినిమా తగలడంతో కుర్చీ ఖాళీ అయింది. డైరెక్టరుగారు మాత్రం నన్ను ఆ కుర్చీ అంచు మీదే కూర్చోబెట్టారు.

"మొదటి షెడ్యూలు చూస్తానయ్యా. బాగుంటే సినిమా మొత్తం నువ్వే ఇన్‌చార్జి. తేడా వచ్చిందా, మీ పెద్దాయన్ని రప్పిస్తాను. నువ్వు మళ్ళీ గుండీలు కుట్టుకోవడమే."

"తేడా రాదు సార్."

"జపాన్ వాళ్ళ గురించి ఏమన్నా తెలుసా?"

"మా ఇంట్ల ఫ్యాన్ జపాన్ టెక్నాలజీ అని రాసుంది సార్."

ఆయన నవ్వలేదు. నన్ను మాస్టారి దగ్గరికి పంపారు.

మాస్టారు కోస్తా వైపు ఒక కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. జూబ్లీహిల్స్ ఆఫీసులో ఆయనకి ఒక ఏసీ గది ఇచ్చి, సినిమాలో తప్పులు రాకుండా చూడమన్నారు. నేను చదువు ఏడో తరగతిలో ఆపేశాను. అప్పట్లో చరిత్ర పాఠం జరిగేటప్పుడు నన్ను బయట నిలబెట్టేవారు కాబట్టి, చరిత్ర అంటే నాకు స్కూలు వరండా మాత్రమే. ఇక్కడ ఏసీ ఉంది, గంటకోసారి టీ వస్తోంది, బయటికి పొమ్మనే వారు లేరు. కుదురుగా కూర్చున్నాను.

"ఇది అతుకులేసి పుట్టించిన డివిజన్ అయ్యా" అని మొదలుపెట్టారు మాస్టారు. "చైనాలో పోరాడిన దళాల్లోంచి కొంత, దీవుల్లో దెబ్బతిని వచ్చిన వాళ్ళు కొందరు. అందర్నీ కలిపి బ్యాంకాక్‌లో డివిజన్‌గా నిలబెట్టారు."

"మనోళ్ళు పాటల కోసం బ్యాంకాక్ పోతరు, వాళ్ళు పటాలం కోసం పోయిండ్రా సార్?"

"పోయారు. నువ్వు టీ తాగు."

బొంత కుట్టే వాళ్ళకి ఇలాంటి డివిజన్ వెంటనే అర్థమవుతుంది. రకరకాల గుడ్డలు, ఒకే కుట్టు. మాస్టారు గోడ మీది పటంలో వేలు పెట్టి బర్మాలో చింద్విన్ నది చూపించారు. నది దాటి, కొండలెక్కి, అడవుల్లో నడిచి, మన దేశంలోకి వచ్చి కోహిమా పట్టుకోవాలి. చేతిలో మూడు వారాల తిండి. వెంట తోలుకొచ్చిన పశువులు. సామాన్లు మోసినన్నాళ్ళు మోస్తాయి, తర్వాత కూరగా పనికొస్తాయి. ఆ లోపు కోహిమా చేతికొస్తే అక్కడి గోదాముల్లో తినొచ్చన్నది లెక్క. పిలవని పెళ్ళికి ఖాళీ కడుపుతో బయల్దేరినట్టు. లోపలికి రానిస్తే సరే.

రానివ్వలేదు. పశువులు నదిలో కొన్ని, కొండల్లో కొన్ని పోయాయి. కోహిమాలో ఒక టెన్నిస్ కోర్టుకి ఇటు వీళ్ళు, అటు బ్రిటిష్ వాళ్ళు, రోజుల తరబడి కొట్టుకున్నారట. జూబ్లీహిల్స్‌లో టెన్నిస్ కోర్టు గోడ కోసం మాటలు మానేసిన రెండు ఇళ్ళు నాకు తెలుసు గానీ, ఇంత దూరం వెళ్ళలేదు. తిండి అయిపోయింది, గుళ్ళు అయిపోయాయి. పైనుంచి ఏదీ రాలేదు, కదలొద్దన్న ఆజ్ఞ తప్ప. చివరికి ఆ డివిజన్ సేనాపతి ఆజ్ఞ కాదని తన మనుషుల్ని వానలో వెనక్కి నడిపించాడు. ఆయన పదవి ఊడింది. విచారణ పెడితే పైవాళ్ళ సంగతులు కూడా బయటికొస్తాయని కాబోలు, మతి సరిగా లేదని తేల్చేశారు.

"అన్నం అడిగితే పిచ్చోడన్నరా సార్?"

"అంతేనయ్యా."

ఆ ఒక్కచోట నాకు జోకు తట్టలేదు. చేతిలో టీ ఉన్నా తాగబుద్ధి కాలేదు. దారి పొడవునా పడిపోయిన వాళ్ళ గురించి మాస్టారు నెమ్మదిగా చెబుతుంటే, నేను నా మనసులో బట్టలు చూసుకుంటున్నాను. ఆ మనిషి ఒంటి మీద చొక్కా ఎలా ఉండి ఉంటుంది? నాకు తెలిసిన చరిత్ర అదొక్కటే.

మా సినిమాలో ఉన్నది ఆ తిరుగు ప్రయాణమే. మొదటి షెడ్యూలంతా వాన, బురద, ఆకలి. కాబట్టి కొత్త యూనిఫారాలు కుట్టించి, వాటిని పాత చేయాలి. నూట ఇరవై జతలు ఫిల్మ్‌నగర్ గోదాము డాబా మీద పరిచి వారం రోజులు పగబట్టినట్టు పని చేశాను. గరుకు కాగితంతో రుద్దాను, ఇనుప బ్రష్షుతో గీకాను, టీ డికాషన్‌లో ముంచాను, ఎర్రమట్టి పులిమాను. రొమ్ము మీద చింపాను, వీపు మీద చింపాను, గుండీలు లాగేశాను. చూసి మురిసిపోయాను. అంత అందంగా ఎవరూ చింపి ఉండరు.

షూటింగ్‌కి మూడు రోజుల ముందు మబ్బు పట్టింది. డాబా మీద ఉంటే తడిసిపోతాయని, గోనెసంచుల్లో మూటలు కట్టించి బోరబండలో మా ఇంటికి పంపాను. నేను ప్రొడక్షన్ మేనేజరుతో కలిసి, తర్వాతి షెడ్యూలు కోసం వికారాబాద్ వైపు అడవులు చూడటానికి వెళ్ళిపోయాను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఆవిడ టైలరు. నాకంటే మంచి టైలరు, ఈ మాట ఇంట్లో ఎప్పుడూ అనలేదు. ఇరవై రెండేళ్ళుగా షూటింగుల నుంచి మా ఇంటికి మూట వచ్చిందంటే అందులో ఉన్నవి చిరిగిన బట్టలే, వచ్చింది బాగు చేయడానికే. ఇవి కుట్టు, ఇవి ఉతుకు అని నేను ఏనాడూ చెప్పలేదు, ఆవిడ ఏనాడూ అడగలేదు. పెళ్ళయిన కొత్తలో కుదిరిన ఏర్పాటు. ఈసారి కూడా నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

మూడో రోజు పొద్దున్నే వికారాబాద్ నుంచి నేరుగా లొకేషన్‌కి దిగాను. ఫిల్మ్‌నగర్ చివర, ఇంకా ఇళ్ళు ఎక్కని బండరాళ్ళ గుట్ట. నూట ఇరవై మంది జూనియర్ ఆర్టిస్టులు ఇడ్లీలు తింటున్నారు. మూడు నెలలుగా తిండి లేని సైన్యం రెండో ప్లేటు అడుగుతోంది. వాన మిషన్లు సిద్ధం. మా ఇంటి నుంచి వ్యాను వచ్చింది. ముందు సీట్లోంచి మా ఆవిడ దిగింది, పట్టుచీరలో.

"నువ్వెందుకొచ్చినవ్?"

"ఇన్‌చార్జి అయినవ్ కదా, చూద్దామని వచ్చిన. మూటలు ఇప్పు, నీకే తెలుస్తది."

ఇప్పాను. తెలిసింది.

నూట ఇరవై చొక్కాలు, నూట ఇరవై ప్యాంట్లు. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మడతలు కత్తిలా నిలబెట్టి. నేను చింపిన ప్రతి చోటా రఫ్ఫు కుట్టు. దారం రంగు గుడ్డలో కలిసిపోయింది. లాగేసిన ప్రతి గుండీ తిరిగొచ్చింది. ఒక చొక్కా వెలుగుకి పట్టుకుంటే గానీ కుట్టు కనబడలేదు.

"వాడకట్టులో నలుగురిని పిలిచిన" అంది మా ఆవిడ. "ముగ్గురు మిషన్ మీద, ఇద్దరం చేతికుట్టు. రెండు రోజులు వంట కూడ చెయ్యలే. గా జపానోళ్ళు ఎంత పాడు చేసుకున్నరయ్యా బట్టలు. ఒక్కటన్న సక్కగ లేకపాయె."

"అవి నేనే చింపిన."

ఆవిడ నా మొహం చూసింది. మూటల వంక చూసింది. మళ్ళీ నా మొహం చూసింది.

"పైసలిచ్చి చింపిపిచ్చిండ్రా నీతోని?"

"ఆకలితోని, వానల నడిచి నడిచి చిరిగినట్టు కనబడాలె."

"మరి చెప్పవా?"

"నువ్వు అడగవా?"

ఇరవై రెండేళ్ళ ఏర్పాటు ఆ గుట్ట మీద కూలిపోయింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూసి, నాకు నా కుర్చీ సంగతి రెండో బెంగ అయింది. ఇంతలో డైరెక్టరుగారు, పక్కన మాస్టారు వచ్చేశారు. ఆర్టిస్టులు కొందరు అప్పటికే బట్టలు తొడుక్కుని, ఇడ్లీలు తిన్న ఉత్సాహంతో వరసలో నిలబడ్డారు. ముందు వరసలో ఉన్న బోరబండ పెద్దమనిషి ఒకాయన నాకు సెల్యూట్ కూడా కొట్టాడు.

"అన్నా, పెండ్లికొడుకులెక్క ఉన్నం కదా" అన్నాడు.

డైరెక్టరుగారు ఆ వరస వెంట ఈ చివర నుంచి ఆ చివరికి నడిచారు. ఒక కాలరు పట్టుకుని చూశారు. గంజికి అది వేలు విడవగానే మళ్ళీ నిలబడింది.

"ఏంటయ్యా ఇది? ఓడిపోయి వస్తున్నారా, రిపబ్లిక్ డే పెరేడ్‌కి వెళ్తున్నారా?"

మేనేజరు అప్పుడే ఫోను తీశాడు. ఆ ఫోను ఎవరికి వెళ్తుందో నాకు తెలుసు. నోటికి ఏదొస్తే అదే నాకు ఆధారం కాబట్టి, వచ్చింది అనేశాను.

"వచ్చేటోళ్ళు కాదు సార్. వీళ్ళు పోయేటోళ్ళు."

"అంటే?"

"మాస్టారు చెప్పిండ్రు సార్. నది దాటిన పొద్దు గిట్లనే ఉంటరు. కొత్త డివిజను. మూడు వారాల బియ్యం, వెనక పశువులు, మూడు వారాల్ల పని అయిపోతదని ధీమా. గీ మొకాలు చూడకుంటే, వెనక్కొచ్చే మొకాలు చూసి జనం ఎందుకేడుస్తరు సార్?"

డైరెక్టరుగారు మాస్టారి వైపు తిరిగారు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "నేను మీకు స్క్రిప్టు దశలోనే చెప్పానండీ, బయల్దేరడం చూపించాలని" అన్నారు. "మీరు బడ్జెట్ అన్నారు."

"మరి వచ్చేటప్పటి బట్టలు?"

"ఇవే సార్. విప్పకుండ తొడుక్కుని, గీ గుట్ట మీద కథ ఎట్లుందో గట్ల వరసగ నడుస్తరు. వానల, మట్టిల. షెడ్యూలు తొమ్మిది రోజులుంది కదా. అవే పాతవడతయి."

ఆయన గుట్ట వైపు చూశారు. మేనేజరు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాడు.

"పశువులు ఎక్కడ దొరుకుతాయి?" అన్నారు డైరెక్టరుగారు.

మోతీనగర్ దగ్గర ఒక పాలాయన మా ఆవిడకి తెలుసు. మధ్యాహ్నానికి ఆరు ఎద్దులు, పద్నాలుగు బర్రెలు వచ్చాయి. ఎద్దులు ముందు, బర్రెలు వెనక దుమ్ములో. ఒక బర్రె కెమెరా దగ్గరికొచ్చి నిలబడి కదలనంది. దాన్ని అలాగే ఉంచేశారు, సహజంగా ఉందని.

ఆ తొమ్మిది రోజులూ నా బతుకులో ఎన్నడూ నవ్వనంత నవ్వాను. కాళ్ళకి సైనికుల గుడ్డ పట్టీలు చుట్టుకోవడానికి పొద్దున్నే గంట పట్టేది. కొండెక్కుతుంటే అవి జారిపోయి, వెనకవాడు తొక్కి, ఒక వరసంతా సాగిలపడేది. బోరబండ పెద్దమనిషి మూడో రోజుకి తనకి తానే సుబేదారు అయిపోయి, అందర్నీ గదమాయించడం మొదలుపెట్టాడు. "జపానోళ్ళు గిట్ల నడుస్తరారా? నడుం సీదా పెట్టు." మాస్టారు ఆయనకి నిజంగానే నడక నేర్పారు.

నేను మాత్రం బట్టలు చూస్తున్నాను. నేను చింపింది రొమ్ము మీద, వీపు మీద. నడిచే మనిషి బట్ట అక్కడ చిరగదు. తుపాకీ పట్టీ రాసుకునే భుజం మీద, బండ మీద కూలబడే చోట, మోకాలి దగ్గర చిరుగుతుంది. నాలుగో రోజుకి గంజి పోయింది. ఆరో రోజుకి చెమట చారలు తేలాయి. ఏడో రోజు నుంచి మా ఆవిడ వేసిన రఫ్ఫులు ఒక్కొక్కటే నోళ్ళు తెరిచాయి. కొన్ని సగం విడిపోయి, కొన్ని విడిపోకుండా పట్టుకుని.

మాస్టారు ఒక చొక్కా చేయి పట్టుకుని దగ్గరగా చూశారు.

"వాళ్ళ దగ్గర సూదీదారం ఉంటుందమ్మా" అన్నారు మా ఆవిడతో. "చిరిగితే ఎవరి బట్ట వాళ్ళే కుట్టుకునేవాళ్ళు. మళ్ళీ చిరిగితే మళ్ళీ కుట్టుకునేవాళ్ళు. ఓపిక ఉన్నంతకాలం."

మా ఆవిడ ఆ చొక్కా చేయి మడత విప్పి, మెల్లగా సరిచేసింది.

తొమ్మిదో రోజు వానలో ఆ తిరుగు నడక తీశారు. డైరెక్టరుగారు చిన్న తెరలో చివరి మనిషి దాటేదాకా చూశారు. కట్ చెప్పారు. ఇంకొక్కటి తీద్దామన్నారు. అందరూ తడిసిన బట్టలతో మళ్ళీ వరసలోకి వెళ్తుండగా, మేనేజర్ని పిలిచి, అందరూ వినేలా చెప్పారు.

"పెద్దాయనకి ఫోను అక్కర్లేదు. సినిమా అంతా ఇతనే ఇన్‌చార్జి. ఆవిణ్ణి కూడా తీసుకోండి, అసిస్టెంటుగా."

నేను చేతులు జోడించబోయాను. మా ఆవిడ నాకంటే ముందు మాట్లాడింది.

"నేనొస్త సార్. కానీ ఆయన కింద చెయ్య."

"మరి?"

"చింపేది ఆయన, కుట్టేది నేను. పనెవరిదో మీరే చూసిండ్రు. ఆయననే నా కింద పెట్టుండ్రి."

వరసలో ముందు బోరబండ సుబేదారు నవ్వాడు. తర్వాత వెనకవాడు. ఆకలితో, జ్వరంతో, కోహిమా నుంచి ఈడ్చుకుంటూ వస్తున్న నూట ఇరవై మంది జపాన్ సైనికులు బురదలో కూలబడి, కడుపులు పట్టుకుని నవ్వారు. వాన మిషన్ కట్టేసినా నవ్వు ఆగలేదు. డైరెక్టరుగారు ఆ రెండో టేకు తీయనే లేదు. మొదటిదే చాలన్నారు, ఆయన కూడా నవ్వుతూ.