పసుపు పూసిన నిపుళ్లు

మా ట్రాక్టరుకు గ్రీజు కొట్టే పని నాది, తోలే పని నాయనది. నా పదో తరగతి అయినప్పటి నుంచీ అదే ఏర్పాటు. పొద్దున్నే గ్రీజు గన్ను పట్టుకొని ముందు చక్రాల దగ్గర కూర్చునేదాన్ని. చక్రాలను పక్కకు తిప్పే పిన్నులు అక్కడే ఉంటాయి. వాటికి గ్రీజు ఎక్కించే చిన్న మూతిని నిపుల్ అంటారు. చేతులకంటిన నలుపు బువ్వ తినేటప్పుడు కూడా వదిలేది కాదు. సీటెక్కుతానంటే మాత్రం నాయన, "ఆడపిల్లకు స్టీరింగ్ ఏందే? ఊరోళ్లు నవ్వుతారు" అనేవాడు. చాకిరీకి నవ్వని ఊరు సవారీకి నవ్వుతుందట!

ఆ ఏడు ఆయుధపూజకు అవ్వ ట్రాక్టరుకు పసుపూ కుంకుమా దండిగా పూసింది. నిపుళ్లను కూడా వదల్లేదు. మరుసటి రోజు నేను గుడ్డతో తుడవబోతే చెయ్యి పట్టుకుంది.

"పూజ చేసిన బొట్టు తుడుస్తావా? అదే రాలిపోవల్ల. అంతవరకూ ముట్టాకు."

నిపుళ్లైనా తుడవాలని నాయనకు చెప్పాను. "అవ్వ చెప్పినట్టు చెయ్. నీకేం తెలుసని?" అన్నాడు.

ఆ మాటకు ఒళ్లు మండింది. పసుపు ఎండి గట్టిపడింది. గన్ను నొక్కితే గ్రీజు పక్కలకు కారేదే తప్ప లోపలికి చుక్క పోయేది కాదు. తెలిసి తెలిసి రోజూ అట్లాగే నొక్కాను. స్టీరింగ్ బిగుసుకుంటే అప్పుడు నా దగ్గరికే వస్తాడులే అనుకున్నాను.

వచ్చాడు కూడా. "స్టీరింగ్ బరువుగా ఉండాదే, గ్రీజు కొట్టినావా?" అన్నాడు.

"కొట్టినా" అన్నాను. లోపలికి ఎక్కలేదని మాత్రం చెప్పలేదు.

వారం తిరక్కుండానే, వేరుశనక్కాయల లోడుతో పెనుకొండకు పోతుంటే మలుపులో స్టీరింగ్ తిరగలేదు. ట్రాక్టరు గుంతలో పడింది. నాయన కాలు విరిగింది.

హిందూపురం రిపేరు షెడ్డులో మేస్త్రీ ఎండిపోయిన పిన్నులు ఊడదీసి, "ఏమప్పా, గ్రీజు కొట్టేదెవరు?" అని అడిగాడు. కాలికి కట్టుతో బెంచీ మీద కూర్చున్న నాయన నా వైపు చూశాడు.

"మా పాప. దినామూ కొడ్తాది, కండ్లారా చూస్తాండా. దాని తప్పేం లేదు. పిన్నులే పాతవి."

నా పని గురించి ఆయన నోట మంచి మాట వినడం అదే మొదలు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ పసుపు సంగతి మాత్రం బయటపెట్టలేదు.

రిపేరయ్యాక తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "నా కాలు బాగయ్యేదాకా నువ్వే తోలు" అన్నాడు.

ఆ కాలు బాగవలేదు. ఇప్పటికీ నేనే తోలుతున్నాను. నాయన కుంటుకుంటూ ఊరంతా తిరుగుతాడు, మా పాప చెయ్యి మంచిదని అందరికీ చెబుతాడు.