మూడో బావికి ఎవరి పాదం?

పోయిన వారం మా పెదనాయన మనవడు పులివెందుల నుంచి ప్రొద్దుటూరుకు వచ్చి నా చేతిలో ఒక అచ్చు కాగితం పెట్టాడు. వాళ్ల తాత పుట్టి నూరేళ్లయిందట, ఊళ్లో సభ పెడుతున్నారట. కాగితం మీద తలపాగాతో పెదనాయన ఫోటో, దాని కింద ‘ఓటముల నుంచి జ్ఞానం సంపాదించిన రైతు’ అని ఎర్ర అక్షరాలు. “నువ్వు గూడా ఒక పేజీ రాయి అవ్వా, టీచరుగా చేసినదానివి గదా” అన్నాడు. పిల్లవాడు మంచివాడే. కాఫీ తాగి వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆ ఎర్ర అక్షరాలను చూస్తూ కూర్చుని పొయ్యి మీది పాలు పొంగబెట్టుకున్నాను. ఆ కాగితంలో మా పెద్దమ్మ ఊసు ఒక్కచోట కూడా లేదు. అందుకే రాస్తున్నాను. వాళ్లు దీన్ని అచ్చు వేస్తారన్న నమ్మకం నాకు లేదు.

పెదనాయన చేను పులివెందులకు రెండు మైళ్ల దూరంలో, మెరక మీద ఉండేది. వాన పడితే కొర్ర, చెనిక్కాయ. పడకపోతే ఏమీ లేదు. మా నాయన ప్రొద్దుటూరులో పత్తి మిల్లు గుమాస్తా. వేసవి సెలవులు రాగానే నన్ను ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కించి అక్కడికి పంపేవాడు. నేను పోయేది పెద్దమ్మ కోసం. ఆమెది జమ్మలమడుగు. చిన్నప్పుడు పెన్న ఇసుకలో చెలమ తీసి, నీళ్లు ఊరేదాకా ఓపిగ్గా కూర్చుని, కడవ నింపుకుని వచ్చిన మనిషి. సంగటి ముద్ద పక్కన ఊరిబిండి పెట్టి, “తిను, ఎముకలు లెక్కబెట్టొచ్చు నిన్ను చూస్తే” అని నవ్వేది. ఆ నవ్వు నాలుగిళ్ల అవతలికి వినబడేది. ఆడది అంత గట్టిగా నవ్వకూడదని పెదనాయన విసుక్కునేవాడు. దానికీ నవ్వేది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయిన కొత్తలో పెదనాయనకు బావి పిచ్చి పట్టింది. వేంపల్లె వైపు నుంచి నీళ్లు చూసే ఆయన ఒకడు వచ్చాడు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరిగాడు. ఒకచోట కాయ లేచి నిలబడింది. ఆయన తీరిగ్గా పది అలసంద వడలు తిని, ఆ కొబ్బరికాయను కూడా సంచిలో వేసుకుని వెళ్లాడు. రాళ్లు కొట్టే ముసలి మేస్త్రి మాత్రం గునపంతో నేలను నాలుగు చోట్ల పొడిచి చూసి, “ఈడ అడుగంతా బండే సామీ. దిగువన వానకు పారే వంక పక్క చేన్లో చూడండి” అన్నాడు. కూలికి వచ్చినవాడి మాట ఎవరికి కావాలి? పెద్దమ్మ ఒక్కతే ఆయనకు మజ్జిగ పోస్తూ, “వంకకు యా పక్క?” అని అడిగింది.

ఆరు నెలలు మందు పెట్టి బండ పగలగొట్టారు. గొయ్యి లోతయ్యేకొద్దీ పొడి రాళ్లే పైకి వచ్చాయి. మళ్లీ కబురంపితే కొబ్బరికాయ ఆయన వచ్చి, గొయ్యిలోకి తొంగి కూడా చూడకుండా, “తవ్వేటప్పుడు ఆడమనిషి ఎవురన్నా గట్టు తొక్కినాదా?” అన్నాడు. కూలీలకు రోజూ సంగటి గంప మోసింది పెద్దమ్మే. ఇంకేం కావాలి? బండకు లేని తప్పు ఆమె పాదాలకు అంటుకుంది.

రెండో బావికి ఆమెను చేను మొగదలే ఆపేశారు. గంప అక్కడ దించి వెనక్కి రావాలి. ఒకరోజు రాయి దొర్లి ఒక కూలీ కాలు నుజ్జయింది. ఆ కేక విని పెద్దమ్మ పసుపూ గుడ్డా పట్టుకుని పరుగెత్తింది. కట్టు కట్టింది. వాడు బతికాడు. నీళ్లు పడలేదు. ఆ పరుగే నీళ్లను తరిమేసిందన్నారు. అన్నవాళ్లలో ఆ కూలీ అన్న కూడా ఉన్నాడు.

హైదరాబాదు రాజధాని అయ్యాక మూడో బావి మొదలుపెట్టారు. ఈసారి ఆమె ఊళ్లోనే ఉండకూడదన్నారు. “నీల్లు పడినాక పిలిపిస్తాలే” అని పెదనాయన బస్సు దగ్గరికి తెచ్చి దించాడు. తోడు నేను. అప్పటికి నాకు పదహారేళ్లు, ఎస్సెల్సీ రాసి ఉన్నాను. బస్సెక్కే ముందు పెద్దమ్మ ఆయన ముందే నన్ను అడిగింది.

“సదువుకున్నదానివి గదా, చెప్పు. మనిషి కాలు తగిల్తే నీల్లు పారిపోతాయా?”

నేను పెదనాయన ముఖం చూశాను. తల దించుకుని, “నాకు తెల్దు పెద్దమ్మా” అన్నాను. నాకు తెలుసు. ఆ కాగితంలో రాసిన ఓటములలో నాది కూడా ఒకటి చేర్చుకోవచ్చు.

జమ్మలమడుగులో అన్న ఇంట్లో పది నెలలుంది. మొగుడు పంపేసిన మనిషని వదిన పక్కకు నెట్టింది. కూలికి చెనిక్కాయలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్లు పగిలాయి. ఇంట్లో చంటిపిల్లకు జ్వరం వస్తే వదిన చూపు మొదట ఆమె పాదాల మీదికే పోయేది. మూడో బావి కూడా ఎండగొయ్యే అయిందని పులివెందుల నుంచి వచ్చిన బేరగాడెవరో చెబితే తెలిసింది. ఎవరూ పిలవలేదు. తానే ప్రొద్దుటూరుకు వచ్చి, మా గడపలో నిలబడి, “పా, నాతో రా” అంది. ఈసారి నేను మారు మాట్లాడకుండా వెళ్లాను.

ఆమె ఇంటికి పోలేదు. నేరుగా చేనుకు నడిచింది. మిట్టమధ్యాహ్నం. గట్టు మీద పెదనాయన, మరో నలుగురు మగవాళ్లు దిగులుగా కూర్చుని ఉన్నారు. పెద్దమ్మ గట్టెక్కి, గొయ్యి అంచున నిలబడింది.

“మొదుటి రెండు బాయిలకు నా పాదం అంటిరి. నేను పది నెల్లు జమ్మలమడుగులో ఉంటి. దీనికి ఎవురి పాదం? నీదా?”

“ఇంటికి పో. నలుగుర్లో ఏంది ఈ మాటలు?” అన్నాడు పెదనాయన.

“నలుగుర్లో అంటివి గాబట్టి నలుగుర్లోనే అడుగుతాండా.”

పనిముట్లు తీసుకుని గొయ్యిలోంచి పైకొస్తున్న ముసలి మేస్త్రి ఆగి, “మొదుటి రోజే చెప్తి సామీ, అడుగంతా బండే అని. ఆయమ్మ ఒక్కతే ఇన్న్యాది” అన్నాడు. పెదనాయన కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. క్షమించమనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

బావుల జోలికి మాత్రం మళ్లీ పోలేదు. మెట్టపైర్లే పెట్టాడు, నిలదొక్కుకున్నాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఆయన పెద్దమనిషయ్యాడు. కుర్ర రైతులు అరుగు మీదికి వచ్చి సలహా అడిగేవాళ్లు. “మూడు బాయిలు నాకు శానా పాఠం నేర్పినాయప్పా” అని మీసం దువ్వుకుంటూ మొదలుపెట్టేవాడు. ఒకసారి నేనున్నప్పుడే, పెద్దమ్మ మజ్జిగ చెంబు తెచ్చి వాళ్ల ముందు పెట్టి, “పాఠం నీకు, బెత్తం దెబ్బలు నాకు” అని లోపలికి పోయింది. అందరూ హాస్యమనుకుని నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. జమ్మలమడుగు నుంచి వచ్చాక ఆమె నవ్వు నాలుగిళ్లకు వినబడటం నేనెరగను.

పెద్దకొడుక్కి పెళ్లయి కోడలు కాపురానికి వచ్చిన వారానికే పాడి బర్రె చచ్చింది. పక్కింటామె పరామర్శకు వచ్చి, “కొత్తకోడలి పాదం...” అని నసిగింది. పెద్దమ్మ చేటలోని కొర్రలు అలాగే వదిలి లేచింది.

“గొంతువాపు రోగమొచ్చి సచ్చింది గొడ్డు. నా కోడలు కాళ్లు కడుక్కోనే ఇంట్లోకి వచ్చినాది. నువ్వు నోరు కడుక్కోని రాపో.”

గుమ్మం వెనక నిలబడి వణుకుతున్న ఆ పిల్ల ఏడుపు ఆపి తలెత్తింది. ఆ ఇంట్లో తర్వాత వచ్చిన ముగ్గురు కోడళ్లలో ఒక్కరిని కూడా, పైరు పోయినా పసిబిడ్డ పోయినా, పాదం మాట అననివ్వలేదు ఆమె. ఆ ఇంట్లో ఎవరైనా జ్ఞానం సంపాదించి ఉంటే అది ఆమె. ఇంకెవరి మీదా దెబ్బ పడకుండా దాన్ని ఖర్చు పెట్టింది కూడా ఆమే.

చివరి రోజుల్లో ఆమె మంచం పక్కన కూర్చుని అడిగాను, “ఆ కోపం పోయిందా పెద్దమ్మా?” అని.

“యాలకి పోవల్ల? దాంతోనే గదా కోడండ్లను కాపాడుకుంటి” అంది, కళ్లు తెరవకుండానే.

ఆమె పోయి ముప్ఫై ఏళ్లు దాటింది. కాలం కోపాన్ని చల్లారుస్తుందని చెప్పేవాళ్లను చాలామందిని చూశాను. నాకు తెలిసిన కాలం మాత్రం, దోషులందరినీ పెద్దమనుషుల్ని చేసి తన దారిన తాను పోయింది.