సంతకం పెట్టని శుక్రవారం

లొరేనా విలారియల్ మూడు రాష్ట్రాల్లో మూడు కాలేజీల్లో చేరింది, ఒక్క చోటా చదువు పూర్తిచేయలేదు. తెలివి లేక కాదు. ఆమె మొగుడు ఒమర్ సైన్యంలో సార్జెంటు. ఆమె నాలుగు పాఠాలు చదివేసరికి అతనికి బదిలీ ఆర్డర్లు వచ్చేవి. నార్త్ కరొలైనాలోని మా క్వార్టర్స్‌లో గోడకి ఆ పక్క వాళ్ళు, ఈ పక్క మేము. మా ఆయనకీ సైన్యంలో ఇరవయ్యో ఏడు నడుస్తోంది కాబట్టి ఆ ఆర్డర్లంటే నాకూ ఒళ్ళుమంటే.

నాలుగోసారి ఆమెకి నర్సింగు సీటు వచ్చింది. సరిగ్గా రెండు వారాలకి ఒమర్‌ని అలాస్కా వెళ్ళమన్నారు.

"ఈసారి నేను వెళ్ళను మిస్ వాండా," అంది లొరేనా నాతో. "రెండేళ్ళు ఇక్కడే ఉండి చదువుకుంటా. ముప్పై నాలుగొచ్చాయి, ఇంకెప్పుడు?"

మొగుడికి ఏ రాష్ట్రంలో పోస్టింగ్ ఉంటే ఆ రాష్ట్రపు కాలేజీలో భార్యకీ స్థానికుల ఫీజే. ఒకసారి ఆ ఫీజుతో చేరితే, చదువు మధ్యలో ఆపనంతకాలం, అతనెక్కడికి పోయినా అది మారదు. కానీ చేరే రోజున అతని పోస్టింగ్ అక్కడే ఉండాలి. కాలేజీలో చేర్చుకునేది శుక్రవారం. ఒమర్ ఆఫీసు రిజిస్టరులో చివరి సంతకం పెట్టాడా, పోస్టింగ్ అయిపోయినట్టే. బయటివాళ్ళ ఫీజంటే మూడింతలు. ఆమె వల్ల కాదు.

"శుక్రవారం సంతకం పెట్టకు," అని ఆమె అతనికి పదిసార్లు చెప్పింది. ఆ సోమవారం సెలవు, అలా సెలవొస్తే మా సిపాయిలకి కాలు నిలవదు మరి. శుక్రవారమే సంతకం గీకేసి, శని ఆదివారాలు కలుపుకుని చెక్కేస్తారు.

శుక్రవారం పదిన్నరకి లొరేనా ఫోన్ చేసింది.

"లైసెన్సు టెక్సాస్‌ది, కారు నంబరు టెక్సాస్‌ది, నువ్వు ఇక్కడిదానివి ఎట్లా అవుతావు అంటోంది గుమస్తా. ఒమర్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుంటుందట. ఒమర్ ఫోన్ ఎత్తట్లేదు. ఇంట్లో ఉన్నాడా?"

ఆ టెక్సాస్ లైసెన్సు మా అందరి జబ్బు. అక్కడ జీతం మీద రాష్ట్రానికి పన్ను కట్టక్కర్లేదని, ఎన్ని ఊళ్ళు మారినా మొగుళ్ళు దాన్ని వదలరు, వాళ్ళని చూసి మేమూ వదలం. కిటికీలోంచి చూశాను. ఒమర్ బండి లేదు.

ఇంటి చెప్పులతోనే కారెక్కి అతని ఆఫీసుకి పోయాను. ఆ ఆఫీసు లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, అందుకే అతనికి ఫోన్ అందలేదు. ఇద్దరు కుర్రసిపాయిల్ని తోసుకుంటూ వెళ్ళాను. ఒమర్ బల్ల ముందున్నాడు. రిజిస్టరు తెరిచి ఉంది. కలం చేతిలో ఉంది.

"మతి పోయిందా నీకు? అక్కడ నీ పెళ్ళాం కాలేజీలో నిలబడి ఉంది!"

అతను ఉలిక్కిపడలేదు. అది చూసి నాకు విషయం అర్థమైంది.

"తెలుసు," అన్నాడు మెల్లగా. "ఇది పెడితే తను నాతో వచ్చేస్తుంది మిస్ వాండా. రెండేళ్ళు ఒక్కణ్ణీ ఆ మంచులో... నావల్ల కాదు."

చెంప పగలగొట్టాలనిపించింది. పదకొండేళ్ళుగా ఆమె మాత్రం ఒంటరిగా ఉండలేదా, ఇతను యుద్ధానికి పోయినప్పుడల్లా? అడగబోయాను. కానీ అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

అంతలో బల్ల మీద ఫోన్ మోగింది. డ్యూటీలో ఉన్నావిడ విని, ఫోన్‌ని చేత్తో మూసి, తలెత్తింది.

"విలారియల్, కాలేజీ వాళ్ళు. నువ్వింకా ఇక్కడే పోస్టింగా, వెళ్ళిపోయినట్టా అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటావ్?"

అతను రిజిస్టరు వైపు చూశాడు. వెనక క్యూలో ఎవడో "త్వరగా కానీ బ్రదర్, ఊరెళ్ళాలి" అని గొణిగాడు. ఆ గదిలో నా మాట చెల్లదు, ఆమె నాలుగో చదువు ఆ కలం కింద ఉంది.

"ఇక్కడే," అన్నాడు. కలం బల్ల మీద పెట్టాడు. "మంగళవారం దాకా ఇక్కడే ఉంటానని చెప్పండి."

బయటికొచ్చాక, "తనకి చెప్పకండి," అన్నాడు. చెప్పలేదు. ఆమె సాయంత్రం ఫీజు రసీదు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, "ఫోన్ ఎత్తవేంరా దున్నపోతా!" అని అతని మెడ పట్టుకుని ఊగింది. అతను తిట్లన్నీ తిన్నాడు.

మంగళవారం పొద్దున తొమ్మిదికి అతను సంతకం పెట్టాలి, ఆమెకేమో తొమ్మిదికే మొదటి క్లాసు. సాగనంపి వెళ్తానని గుమ్మంలో మొండికేసింది.

"మొదటి రోజే క్లాసు ఎగ్గొడితే నేను ఆగింది ఎందుకే? పో," అని సంచీ ఆమె భుజానికి తగిలించి, కారెక్కించి, తలుపు తనే వేశాడు.