పొరకప్ప చేసిన పని

బూడిద గుమ్మడికాయ పగిలిన వాసన వస్తే అందరికీ దేవుడు గుర్తుకొస్తాడేమో గానీ నాకు జయానందం సార్ గుర్తుకొస్తారు. పచ్చి గుమ్మడి, కర్పూరం, కుంకుమ కలిసిన ఆ వాసన నిన్న మా పరిశోధనశాల గుమ్మంలోనే గుప్పుమంది. ఆసుపత్రి వార్డుల్లో మందుల ట్రే మోసుకెళ్లే యంత్రం ఒకటి పూర్తయిందని మా విద్యార్థులు దానికి పూజ చేసి, దిష్టి తీసి, గుమ్మడికాయ కొట్టారు. నేను పూజ సంగతి మరిచిపోయి నేలమీది ముక్కలవైపే చూస్తూ నిలబడిపోయాను. "మేడమ్, దండం పెట్టుకోండి" అని ఒకమ్మాయి గుర్తు చేయాల్సి వచ్చింది. పెట్టుకున్నాను. అది ఎవరికి పెట్టానో ఆ పిల్లకు తెలియదు.

సార్‌ది బళ్లారి పాత క్రైస్తవ మిషన్ సంఘానికి చెందిన తెలుగు కుటుంబం. మనిషి పొడుగు, సన్నం, ఎప్పుడూ తెల్ల చొక్కా. అందరూ జేబులో పెన్ను పెట్టుకుంటే ఆయన స్క్రూడ్రైవరు పెట్టుకునేవారు. పరీక్ష హాల్లో సంతకం పెట్టబోయి దాన్ని బయటికి తీసి, కాసేపు దానికేసి చూసి, మా పెన్ను అడిగి తీసుకున్న రోజులు ఎన్నో. విశ్వవిద్యాలయంలో మాకు రోబోల పాఠం చెప్పేవారు. ప్రయోగశాల అని పెద్ద పేరే గానీ, అందులో ఉన్నవల్లా పాత కంప్యూటర్లు, తుక్కు లారీల నుంచి ఊడదీసిన వైపరు మోటార్లు, బల్లల కింద ఎప్పుడూ దొర్లిపోతుండే స్క్రూలు. పోయిన స్క్రూ దొరికితే ఆయన గట్టిగా "స్తోత్రం!" అనేవారు. కొన్నాళ్లకు హనుమంతుడి గుడికి వెళ్లే నేనూ, నమాజుకు వెళ్లే నా స్నేహితురాలూ కూడా స్క్రూ దొరికితే స్తోత్రమే అంటూ వచ్చాం.

అవి ఇనుప ఖనిజం గనులు మంచి ఊపు మీద ఉన్న రోజులు. బళ్లారిలో ఇద్దరు కలిస్తే ముందు లారీల మాట, తర్వాతే క్షేమసమాచారం. క్లాసులో మగపిల్లలు ఒక్కొక్కరే మాయమయ్యేవారు. హాజరు తీస్తూ సార్ తలెత్తి, "వీడు పెండ్లికి పోయినాడా, గనికి పోయినాడా?" అని అడిగేవారు. "గనికే సార్" అనేవాళ్లం. "పెండ్లికి పోయినోడు తిరిగొస్తాడు" అని ఆ పేరుమీద నింపాదిగా గీత గీసేవారు.

ఊరంతా ఎర్రదుమ్ము. ఆరేసిన బట్టలమీద, అన్నం మెతుకులమీద, కనురెప్పలమీద కూడా. సార్‌కు ఆ ఆలోచన చర్చిలో వచ్చిందట. ఒక ఆదివారం వెనక వరసలో నిలబడి పాట పాడుతుంటే, తెల్లబట్టలు వేసుకొచ్చిన సంఘమంతా వెనకవైపు ఎర్రగా కనిపించింది. బెంచీలమీది దుమ్మంతా చొక్కాలకు అంటుకుంది మరి. మర్నాడు క్లాసుకు వస్తూనే, "ఎర్రదుమ్ముని చూసి నూకే యంత్రం చేద్దాం. ఈ ఊర్లో దానికి పని లేకపోవడమనేది ఉండదు" అన్నారు. నూకడమంటే మా వైపు ఊడ్వడం.

అలా పుట్టింది పొరకప్ప. పొరక అంటే చీపురు; దానికి అప్ప చేర్చి ఆ పేరు మేం పెట్టిందే. బట్టలుతికే ప్లాస్టిక్ తొట్టి బోర్లించి, కింద చక్రాలు, ముందు పొరక కుచ్చు, పైన కంప్యూటరుకు పెట్టే చిన్న కెమెరా బిగించాం. ఎర్రది కనిపిస్తే దగ్గరికి వెళ్లు, నెట్టుకుంటూ అంచుదాకా తీసుకుపో. దానికి మేం నేర్పిన చదువంతా అంతే. ఒకరోజు అది గదంతా ఊడ్చి, తలుపు దగ్గరికి వెళ్లి, మెట్టుమీద నుంచి పడకుండా చక్కగా ఆగింది. మేం చప్పట్లు కొట్టాం. సార్ మాత్రం మోకాళ్లమీద కూర్చుని, దాని వెనక పాకుతూ పోయి, బల్లకాలికి చుట్టుకున్న వైరు చూపించారు. "ఇది ఆగలేదమ్మా. వైరు లాగితే ఆగింది" అన్నారు. ఏది బాగా జరిగినా ఆయన అడిగే ప్రశ్న ఒకటే: "తెలిసి చేసిందా, తెలీక చేసిందా?" మా సంబరం మీద అంత శుభ్రంగా నీళ్లు చల్లే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మాది బళ్లారి జిల్లా సిరిగేరి. నాన్న పేరు హనుమంతప్ప. వరి పండించే మనిషి. గనుల రోజుల్లో టిప్పర్లు కొని, కప్పగల్లు దగ్గర రోడ్డుపక్కన ఇల్లు కట్టించి, మమ్మల్ని అక్కడికి తెచ్చాడు. నా చివరి ఏడాదిలో సార్ మా ఇంటికి వచ్చి, నన్ను పైచదువుకు తన దగ్గరే ఉంచమని అడిగారు. నాన్న ఆయనకు మజ్జిగ ఇప్పించి, మర్యాదగానే కాదన్నాడు.

"సార్, మీరు మంచోళ్లే. కానీ ఆ బొమ్మలతో ఇంగా రెండేండ్లు ఏం సేస్తాదప్పా మా పిల్ల? నా ఆఫీసులో కూసుంటే నాకన్నా పనికొస్తాది."

"బొమ్మ కాదు హనుమంతప్పా. పని చేస్తాది."

"ఏం పని?"

"కసువు నూకుతాది."

నాన్న మజ్జిగ పొలమారేదాకా నవ్వాడు. "కసువు నూకేదానికా సార్ ఇంత సదువు!"

లోపలి నుంచి మా అవ్వ గొంతు వినిపించింది. "నవ్వద్దురా. నడుము వంచి నూకేటోళ్లకి తెలుస్తాది ఆ బాధ ఏందో."

అవ్వ మాటకు నాన్న కాస్త తగ్గాడు. "సరే సార్. మా ఇంట్లో, నా కండ్ల ముందర అది ఒక్క పని సేసి సూపియ్యాల. సేస్తే సదువుకుంటాది. లేదంటే దసరా అయినాక ఆఫీసుకొస్తాది." సార్ ఒప్పుకున్నారు. వరండా ఊడ్చి చూపిస్తామన్నారు. ఆ రాత్రి నాన్న ఆఫీసు అద్దాల గదిలో కూర్చుని టిప్పర్ల రాకపోకలు రాసుకుంటూ బతకడం తలుచుకుంటే ఏడుపొచ్చింది.

కాలేజీకి సెలవు కదా అని సార్ ఆయుధపూజ రోజు ఎంచుకున్నారు. చదువుకున్న మా ఇద్దరికీ తట్టని సంగతి ఏమిటంటే, ఆరోజు బళ్లారి దారుల్లో ఒక్క లారీ కదలదు. అన్నీ కడిగించుకుని, పూలదండలు వేసుకుని పెళ్లికొడుకుల్లా నిలబడి ఉంటాయి. ఏడాదిలో మా ఇంటిమీద దుమ్ము పడని రోజంటూ ఉంటే అదే. అది చాలదన్నట్టు, నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మా అవ్వా కలిసి వరండా అంతా తళతళలాడేలా కడిగి, తుడిచి పెట్టారు.

"అవ్వా! దుమ్ము నూకేదానికే కదా ఆయన వస్తాండేది!" అని నెత్తి కొట్టుకున్నాను.

"దానికని సార్‌ని తెచ్చి దుమ్ములో కూసోబెడతామా? ఏమనుకుంటాడు మన ఇల్లు సూసి?" అంది అవ్వ.

సార్ ఆటోలో పొరకప్పను ఒళ్లో పెట్టుకుని దిగారు. వరండా చూసి ఒక్క క్షణం ఆగారు. నేను పక్కకు పిలిచి, "రోడ్డు మీద నుంచి రెండు గుప్పిళ్లు మట్టి తెచ్చి చల్లేదా సార్?" అని గుసగుసగా అడిగాను. "మనమే పోసి మనమే నూకితే అది పని కాదమ్మా, నాటకం" అన్నారు. ఈలోగా అవ్వ కుంకుమ గిన్నె పట్టుకొచ్చింది.

"కొత్త బండికి బొట్టు లేకుంటే ఎట్లప్పా?"

"పెట్టవ్వా. కంటికి మాత్రం పెట్టొద్దు."

అవ్వ తొట్టిమీద బొట్టు పెట్టింది. సార్ కళ్లు మూసుకుని పెదవులు కదిపారు. ఆయన కళ్లు తెరిచేదాకా ఆగి అవ్వ అడిగింది, "మీ దేవునికి సెప్పినావా?"

"చెప్పినానవ్వా."

"మా దేవునికి నేను సెప్పినా. ఇద్దరుంటే మంచిదే."

అంతకుముందే నాన్న ప్రతి టిప్పరుకూ దిష్టి తీసి గేటు దగ్గర గుమ్మడికాయలు కొట్టాడు. కుంకుమ కలిసిన ఎర్రటి ముక్కలు గేటు ముందంతా పరుచుకుని ఉన్నాయి. దిష్టి తీసిన కాయను ఎవరూ తాకరు. ఆ దిష్టి తమకు తగులుతుందని డ్రైవర్లూ, క్లీనర్లూ అందరూ దాటుకుంటూ పోతారే తప్ప తీసి పారేయరు. కిందటేడు ఆ గుజ్జుమీదే జారిపడి నాన్న కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. దీపావళికి అమ్మ కలిపి పెడితే తిన్నాడు, పాపం. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు.

సార్ మీట నొక్కారు. పొరకప్ప వరండాలో ఒక చుట్టు తిరిగింది. ఎర్రది ఏదీ కనిపించలేదు. ఇంకో చుట్టు తిరిగి, అలిగిన అల్లుడిలా మూలకెళ్లి నిలబడింది. డ్రైవర్లు కిసుక్కుమన్నారు. నాన్న మీసం దువ్వుకుంటూ నావైపు చూశాడు. అప్పుడు అది మెల్లగా గేటువైపు తిరిగింది. స్కూటరు ఎక్కించే వాలుమీదుగా జర్రున దిగి, నేరుగా గుమ్మడి ముక్కల దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కటే పొరకతో నెట్టుకుంటూ పోయి గేటు పక్క మురుగు మోరీలో పడేయసాగింది. డ్రైవర్లు ఈలలు వేశారు. అవ్వ దానికి చేతులెత్తి మొక్కింది. గేటు శుభ్రమైపోయింది.

నాన్న గేటుకేసి చూశాడు. తర్వాత తన కుడిచేతికేసి చూసుకున్నాడు. "ఇదప్పా పనంటే! మనిసన్నోడు ముట్టని పని సేసిండాది. సార్, గెలిచినారు!" అని అరిచాడు. నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి.

సార్ చొక్కా సర్దుకున్నారు. "లేదు హనుమంతప్పా. అది తెలీక చేసింది. గుమ్మడికాయంటే ఏందో దానికి తెలీదు. ఎర్రగా కనిపిస్తే దుమ్మనుకుని నూకింది. మేము వరండా నూకుతాదని చెప్పింటిమి. నూకలేదు. ఈరోజుకి మేము ఓడిపోయినట్టే."

ఆ క్షణంలో ఆయనంటే నాకు వచ్చినంత కోపం జన్మలో ఎవరిమీదా రాలేదు. నా బతుకు చేతికందింది. ఆయన దాన్ని తీసుకెళ్లి మళ్లీ నాన్న చేతిలో పెట్టారు. నోరు మూసుకుని ఒక్క నవ్వు నవ్వి ఉంటే ఏం పోయేది ఈయన సొమ్ము అనుకున్నాను.

నాన్న టిప్పరు మెట్టుమీద కూలబడ్డాడు. "సార్, ఈ బండ్లకాడ అందరూ లేనిది ఉండాదనేటోళ్లే. ఏదన్నా కలిసొస్తే నేనే సేసినా అని రొమ్ము కొట్టుకునేటోళ్లే. నేనూ అంతే. గెలుపు తెచ్చి నెత్తిన పెడితే వద్దనే మనిసిని ఈరోజే సూస్తాండా" అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "ఇంగా రెండేండ్లు ఈయన కాడ ఉండు పో. ఆ మిషన్ల సదువు వస్తే రానీ, లేకుంటే లే. ఈ గుణం మాత్రం నేర్చుకో."

"అప్పా, ఆ పొరకప్పని వచ్చే దసరాకీ తోలుకరా" అంది అవ్వ, సార్ చేతిలో కొబ్బరిచిప్ప పెడుతూ.

సార్ తెచ్చారు కూడా. ఆ ఏడాదంతా నాచేత ఎక్కడెక్కడి గుమ్మడి ముక్కల ఫోటోలో తీయించి, దుమ్ముకూ గుమ్మడికీ తేడా దానికి నేర్పించారు. గేటు దగ్గర దించి, "హనుమంతప్పా, ఈసారి తెలిసి చేస్తాది" అన్నప్పుడు ఆయన మొహంలో ఉన్న గర్వం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. తర్వాత గనులు ఆగిపోయాయి, టిప్పర్లు అమ్ముడుపోయాయి, నాన్న మళ్లీ వరి మడుల్లోకి దిగాడు. సార్ పోయిన రోజు మిషన్ చర్చిలో నాన్న వెనక బెంచీలో కూర్చుని, లేచాక చొక్కా వెనక తడుముకుని చూసుకున్నాడు. దుమ్ము లేదు. అప్పుడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. సార్ లేని లోటు ఇప్పటికీ తీరలేదు.

నిన్న పూజ అయ్యాక మా మందుల యంత్రాన్ని చూడటానికి ఆసుపత్రి వాళ్లు వచ్చారు. వాళ్లకు నచ్చితే ఆ పిల్లల పని వార్డుల్లోకి వెళుతుంది. యంత్రం గుమ్మం దాటి నడవాలోకి వచ్చింది. అంతలో ఊడ్చే పెద్దావిడ ఎదురుగా అడ్డం వచ్చింది. యంత్రం ఆమెకు జానెడు దూరంలో ఎంతో మర్యాదగా ఆగింది. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. మా పిల్లల మొహాలు వెలిగిపోయాయి. నేను చీర కుచ్చిళ్లు పట్టుకుని నేలమీద కూర్చుని చక్రం చూశాను.

"ఒక్క నిమిషం. ఇది ఆవిడను చూసి ఆగలేదు. చక్రంలో గుమ్మడి తొక్క ఇరుక్కుంది. తెలిసి ఆగేలా చేశాక మళ్లీ పిలుస్తాం" అన్నాను.

చప్పట్లు ఆగిపోయాయి. నాకు దండం గుర్తు చేసిన అమ్మాయి నావైపు కోపంగా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఆరోజు మా గేటు దగ్గర నేను సార్‌ను చూసింది సరిగ్గా అలాగే.