కిటికీ పక్క మెషీన్‌లో పిచ్చుక

మూడు తరాలు చెప్పుకోవాల్సిన మహాగాథ ఇది. కాదులెండి. ఐర్లండ్‌లో, అత్లోన్ అనే ఊళ్లో ఒక మందుల కంపెనీలో, మధ్యాహ్నం పూట జరిగిన ఫైలు గొడవ. దయ్యాల్ని నేను నమ్మను. ప్రింటర్లనే నమ్మను.

అక్కడ డెస్క్‌టాప్‌లు చూసుకోవడం నా పని. ఆ వారం శుక్రవారంతో ఆర్నెల్ల ప్రొబేషన్ అయిపోతుంది. వర్క్ పర్మిట్ ఆ ఉద్యోగానికే ముడిపడి ఉంది.

కొత్త స్కానర్ల కోసం ప్రతి మెషీన్‌లోనూ కామన్ ఫోల్డర్‌లో ఒక డీఎల్ఎల్ వెయ్యాలి. డీఎల్ఎల్ అంటే నాలుగైదు ప్రోగ్రాములు కలిసి వాడుకునే ఫైలు, హాస్టల్లో బకెట్ లాంటిది. పాతదానికీ కొత్తదానికీ పేరు ఒకటే. అలాంటప్పుడు పాతదాని పేరు మార్చి పక్కన ఉంచాలి. కాలేజీ రోజుల నుంచీ నేను ఇంగ్లీషు అక్షరాల్లో ‘పిచ్చుక తియ్యొద్దు’ అని పెడతాను. పిచ్చుక ఇంట్లో నా పేరు. అర్థం కాని పేరున్న ఫైలుని ఎవరూ ముట్టుకోరు.

ఆ రోజు మాత్రం ‘రీప్లేస్ చెయ్యాలా?’ అని అడిగిన ప్రతిసారీ సరే అని నొక్కేశాను. ఇరవై మెషీన్లలోనూ. పులిహోర చల్లారిపోతుందని తొందర. పులిహోర చల్లగానే తింటారని తర్వాత గుర్తొచ్చింది.

తిని వచ్చేసరికి లేబుళ్లు ప్రింట్ చేసే పాత ప్రోగ్రామ్ ఎక్కడా తెరుచుకోవడం లేదు. దాన్ని తయారుచేసిన సంస్థ ఎప్పుడో మూతపడింది. సీడీ కూడా లేదు. మేనేజర్ డెక్లన్ ‘గ్రాండ్, గ్రాండ్’ అన్నాడు. అక్కడ ‘గ్రాండ్’ అంటే ‘ఏం ఫర్లేదు’ అని. రెండుసార్లు అన్నాడంటే కొంప మునిగిందనే.

లేబుల్ సెక్షన్ చూసే సునీతక్కది గుంటూరు. ఆవిడ తిట్టలేదు, అది ఇంకా భయం.

“పేరు లేకుండా మందు పెట్టె గడప దాటదురా. ఏం చేద్దాం?”

అప్పటికే షానన్ నది మీంచి పొగమంచు వచ్చి కిటికీలన్నీ తెల్లబడ్డాయి. గది నీళ్ల అడుగున ఉన్నట్టుంది. కంప్యూటర్ల హోరు ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుంది. ఎందుకో తెలీకుండానే వెళ్లి కిటికీ పక్క మెషీన్ ముందు కూర్చున్నాను. ఫోల్డర్‌లో పేర్లు మంచులో పడవల్లా ఒక్కొక్కటే దాటిపోతున్నాయి. ఒకటి దాటలేదు. పిచ్చుక తియ్యొద్దు.

దాని కాపీకి అసలు పేరు తిరిగిచ్చి, లేబుల్ ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో వేసి చూశాను. ప్రోగ్రామ్ తెరుచుకుంది. దాన్నే మిగతావాటిలోకీ కాపీ చేస్తే, సాయంత్రానికి ఇరవై మెషీన్లూ లేబుళ్లు కొట్టాయి.

అక్క నా భుజం మీంచి చూసింది. “పిచ్చుకెవర్రా?”

“నేనే అక్కా.”

చెయ్యి అలవాటుగా ఆ ఒక్కదాంట్లో పేరు మార్చేసి ఉంటుందనుకున్నాను. మర్నాడు ఆ మెషీన్ పాత యాంటీవైరస్ రిపోర్టులు తీశాను, వాటిలో ప్రతి ఫైలు పేరూ రాసి ఉంటుంది. ఆ పేరు మూడేళ్ల కిందటి రిపోర్టులోనూ ఉంది. అప్పటికి నాకు పాస్‌పోర్టే లేదు.

నాకు ముందు ఆ పని చేసినవాడు పోలండ్ మనిషి. బుజ్జి అయితే ఏదో అనుకోవచ్చు, ఇంటికొక బుజ్జి ఉంటాడు. పిచ్చుక?

“నీకు ముందు ఇంకో పిచ్చుక ఉండేదేమోలే,” అని అక్క టీకి వెళ్లిపోయింది.

ప్రొబేషన్ దాటాను. ఆ పేరు ఎవరు పెట్టారో ఈ రోజుకీ తెలీదు. మంచు పట్టిన మధ్యాహ్నాల్లో పాత రిపోర్టు తెరిచి చూస్తుంటాను. ఉంటుంది.

అన్నట్టు, అలాంటి పాత డీఎల్ఎల్‌ని కామన్ ఫోల్డర్‌లో వెయ్యనక్కర్లేదు. దాన్ని వాడే ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోనే పెడితే చాలు.