సంక్షేమ భోజనం కింద సంతకం

ఆ ఏడాది మార్చి మొదటి సోమవారం నన్ను సీనియర్ బడ్జెట్ అనలిస్టు హోదాలోనే రోడ్ల పద్దు నుంచి తీసి మానవ సేవల పద్దుకి మార్చారు. కోవిడ్ రోజులు గడిచిపోయి, అప్పట్లో వచ్చిన సహాయ నిధులు అడుగంటుతున్న కాలం అది. మా ఇల్లు ఫ్రీమాంట్‌లో. ఉద్యోగం మాత్రం ఫ్రీవే మీద అరగంట దూరంలో ఉన్న మరో ఊరి నగరపాలక సంస్థలో. రిటైర్మెంట్‌కి ఇంకో రెండేళ్ళుంది. పందొమ్మిదేళ్ళు రోడ్లు చూసినవాడికి మనుషుల పద్దు ఎందుకిచ్చారో నాకు అర్థం కాలేదు. గుంతలు ఎదురు మాట్లాడవు కదా, మనుషులు మాట్లాడతారు. ఆ భయం నాకు మొదటి రోజే ఉంది.

మా కొలువులో అంచెలు ఇలా ఉండేవి. అనలిస్టు, ఆ పైన సీనియర్ అనలిస్టు, బడ్జెట్ మేనేజరు, ఫైనాన్స్ డైరెక్టరు, అందరి మీదా సిటీ మేనేజరు. వీళ్ళంతా జీతగాళ్ళు. నిర్ణయం మాత్రం ప్రజలు ఎన్నుకున్న ఏడుగురు సభ్యుల కౌన్సిల్‌ది. మేం కాగితం తయారు చేస్తాం, వాళ్ళు చెయ్యెత్తుతారు. అంతకు ముందు ఎన్నికల్లో ఆ కౌన్సిల్‌లో వామపక్షానికి మెజారిటీ వచ్చింది. వామపక్షం అనగానే మన ఎర్రజెండాలు గుర్తు తెచ్చుకోనక్కర్లేదు. అద్దెలు పెరక్కుండా చూస్తాం, పేదలకీ పెద్దలకీ సాయం పెంచుతాం, ఉన్నవాళ్ళ దగ్గర పన్ను ఇంకాస్త తీసుకుంటాం అనేవాళ్ళని ఇక్కడ అలా అంటారు. నా ఓటు ఫ్రీమాంట్‌లో కాబట్టి వాళ్ళకి వేసే పని నాకు పడలేదు. అక్కడుంటే వేసేవాడివా అని మా ఆవిడ అడిగింది. తేల్చి చెప్పలేకపోయాను.

కొత్త కౌన్సిల్ తీసుకున్న మొదటి నిర్ణయాల్లో ఒకటి పేర్లకి సంబంధించింది. అమెరికాలో 'వెల్ఫేర్' అన్నది కొంచెం తిట్టులాంటి మాట. పని చెయ్యకుండా ప్రభుత్వం సొమ్ము తినేవాళ్ళు అనే అర్థం దాని వెనకాల నక్కి ఉంటుంది. ఆ సిగ్గు పోవాలంటే మాటని దాచడం కాదు, ధైర్యంగా వాడాలన్నది వాళ్ళ వాదన. అందుకని సాయానికి సంబంధించిన పథకాలన్నిటికీ 'కమ్యూనిటీ వెల్ఫేర్' అని ఒకే పేరు పెట్టారు. ఊళ్ళో జనం మాట్లాడే భాషలన్నిటిలోనూ నోటీసులు వెయ్యాలన్నారు. ఆ భాషల్లో తెలుగు చేరడం అదే మొదటిసారి.

అనువాదం కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ పంపిన తెలుగు చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సీనియర్ సెంటర్‌లో అరవై దాటినవాళ్ళకి మధ్యాహ్నం పెట్టే భోజనాన్ని 'వయోధిక పోషణ స్థలము' అని రాశారు. మా బడ్జెట్ మేనేజర్ డెనీస్ నా క్యూబికల్ దగ్గరికి వచ్చి, నీ భాషే కదా, ఒకసారి చూసిపెట్టమంది. నేను మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కొక్క వాక్యం దిద్దాను. భోజనానికి 'పెద్దల సంక్షేమ భోజనం' అని పేరు పెట్టాను. సంక్షేమం చక్కటి మాట. యోగం, క్షేమం రెండూ అందులో ఉన్నాయనిపించింది. చాలా ఏళ్ళ తర్వాత తెలుగు రాశానన్న సంతోషంతో ప్రింట్ తీసి ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడకి కూడా చూపించాను.

ఏప్రిల్ నుంచి ఆ పేరు అమల్లోకి వచ్చింది. సెంటర్ తలుపు దగ్గర ఒక సంతకాల కాగితం ఉంటుంది. భోజనానికి వచ్చినవాళ్ళు పేరు రాసి సంతకం పెట్టి లోపలికి వెళ్ళాలి. అంతకు ముందు ఆ కాగితం మీద 'లంచ్' అని ఉండేది. ఇప్పుడు ఆరు భాషల్లో కొత్త పేరు వచ్చింది, తెలుగుది నాది.

సంతకాలు లెక్కపెట్టి నెలాఖరుకి మాకు పంపుతారు. దాన్ని 'యుటిలైజేషన్' అంటాం, అంటే పథకాన్ని ఎంతమంది వాడుకుంటున్నారన్నది. ఊళ్ళో మిగతా చోట్ల సంఖ్య మారలేదు. ఒక్క మా తూర్పు వైపు సెంటర్‌లో, తెలుగు పెద్దలు ఎక్కువగా వచ్చే చోట, బాగా పడిపోయింది. ఎందుకో నాకు తట్టలేదు. పెద్దవాళ్ళు ఇండియా వెళ్ళిపోయి ఉంటారనుకున్నాను. ఏప్రిల్, మే నెలలు మనవాళ్ళు ఇక్కడికి దిగే కాలం, ఎండలకి జడిసి ఎవరూ అటు వెళ్ళరు. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. అయినా కౌన్సిల్‌కి పంపే నోట్‌లో 'అవసరం తగ్గింది' అని రాశాను. ఆ సెంటర్‌లో భోజనం ఆపేసి, ఫ్రీవే అవతల పేదలు ఎక్కువున్న చోటికి మార్చమని సిఫారసు చేశాను. మా ఆఫీసులో కోత అనే మాట ఎవరూ వాడరు. దాన్ని 'రీఅలైన్‌మెంట్' అంటారు. డెనీస్ మెచ్చుకుంది.

మే చివరి వారంలో సాయంత్రం ఆరింటికి బడ్జెట్ మీద పబ్లిక్ హియరింగ్ పెట్టారు. మాట్లాడదలచుకున్నవాళ్ళు నీలం కార్డు నింపాలి. అందులో మూడు గళ్ళుంటాయి: సమర్థిస్తున్నాను, వ్యతిరేకిస్తున్నాను, తటస్థం. మనిషికి రెండు నిమిషాలు. ఎవరు ఏ వైపో చివర్లో పట్టిక వెయ్యడం నా పని. ఆ రోజు ఆ పని నా చేత కాలేదు. ఒక సొంత ఇంటాయన లేచి, మా పన్నులన్నీ ఊరికే పంచిపెడుతున్నారని మండిపడ్డాడు. ఆయన వెనకే ఒక టీచరమ్మ లేచి, మీకోసం ఇంటింటికీ తిరిగి ఓట్లడిగాను, తీరా గెలిచాక అద్దె సాయం తగ్గిస్తారా అని నిలదీసింది. ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, దిగాక బోడిమల్లయ్య అన్నమాట. ఇంకొకాయన సాయం ఎక్కువైందని మొదలుపెట్టి, తన తల్లికి వచ్చే సాయం తక్కువైందని ముగించాడు. కార్డు మీద సమర్థన అని గీత పెట్టి పది మాటల్లో తొమ్మిది తిట్లు తిట్టినవాళ్ళున్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ కౌన్సిల్ మీద నాకు జాలేసింది, వెంటనే కోపమూ వచ్చింది.

అప్పుడు రత్నకుమారి గారి పేరు పిలిచారు. ఎనభైకి దగ్గర పడిన మనిషి. నేత చీర మీద మనవడి స్వెట్‌షర్ట్, కాళ్ళకి నడక బూట్లు. తూర్పు సెంటర్‌లో కిటికీ పక్కన ఒక తెలుగు బల్ల ఉండేదనీ, దానికి పెద్దదిక్కు ఈవిడేననీ తర్వాత తెలిసింది. కూతురూ అల్లుడూ పొద్దున్నే ఆఫీసుకి వెళితే మళ్ళీ చీకటి పడే వేళకే ఇంటికి వస్తారు. ఆవిడకి డ్రైవింగ్ రాదు. నాలుగు వీధులు నడిచి సెంటర్‌కి వచ్చి, వాళ్ళు పెట్టే చప్పిడి రాజ్మాలో చిన్న స్టీలు డబ్బాలోంచి కందిపొడి కలిపి బల్ల దగ్గర అందరికీ వడ్డించేది. రోజులో ఆవిడ నోరు విప్పి మాట్లాడే గంట అదొక్కటే. ఇప్పుడు ఫ్రీవే అవతలికి మారుతున్నది ఆ గంటే.

ఆవిడ కార్డు మీద సమర్థన, వ్యతిరేకత రెండు గళ్ళలోనూ గీతలున్నాయి. కాంట్రాక్టు కంపెనీ పంపిన దుబాసీ తమిళాయన, తెలుగు రాదు. పాపం ఆయన చేతులు జోడించి కూర్చున్నాడు. సిటీ క్లర్కు నా వైపు చూసింది. తాను సిఫారసు చేసిన అంశం మీద ఉద్యోగి దుబాసీ పని చెయ్యకూడదు, అది పద్ధతి కాదు. అయినా వెళ్ళమన్నట్టు డెనీస్ తలూపింది. మైకు ముందుకి వెళ్ళాను.

"ఉన్నదున్నట్టు చెప్పు బాబూ, నీ సొంతం కలపకు" అంది ఆవిడ మొదటే.

"అలాగేనమ్మా" అన్నాను.

"నేను కాకినాడ దగ్గర ముప్పై ఏళ్ళు సంక్షేమ హాస్టల్లో వార్డెన్‌గా చేశానండి. ఆ మాటంటే నాకు సిగ్గు లేదు. ఆ కూడు తిన్న పిల్లలు డాక్టర్లయ్యారు. కానీ మా బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు అలా కాదు. ఆ హాస్టల్ పిల్లల పక్కన కంచం పెట్టుకోనివాళ్ళు వాళ్ళు. సంక్షేమ భోజనం అని రాసున్న కాగితం మీద సంతకం పెట్టమంటే, 'ఛీ, మేం హాస్టల్ కూడు తింటామా' అని ఒకరు మానేశారు. వెల్ఫేర్ తింటే కొడుకు గ్రీన్‌కార్డు ఆగిపోతుందని ఎవరో వాట్సాప్‌లో పెడితే ఇంకో నలుగురు మానేశారు. ఆకలి లేక కాదు, అవసరం లేక కాదు. ఆ బల్ల దగ్గర ఇప్పుడు నేనొక్కదాన్నే కూర్చుంటున్నాను. ఎవరు బాబూ ఆ మాట రాసింది?"

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. ఇంగ్లీషులో చెప్పుకుంటూ వెళ్ళాను. సంక్షేమం అంటే వెల్ఫేరే కదా, వెల్ఫేర్ అన్నాను. 'ఆ మాటంటే నాకు సిగ్గు లేదు' అనగానే వామపక్షం సభ్యురాలు ఒకావిడ చప్పట్లు కొట్టింది. 'మా బల్లవాళ్ళు అలా కాదు' అన్న దగ్గర పన్నుల మీద కోపంగా ఉన్న ఇంటాయన చప్పట్లు కొట్టాడు. హాస్టల్ అంటే వాళ్ళకి ట్రావెలర్లు దిగే సత్రం. కంచం పక్కన కంచం పెట్టుకోకపోవడమంటే ఏమిటో రెండు నిమిషాల్లో నేనెలా చెప్పను? ఇరువైపులా చప్పట్లు విని రత్నకుమారి గారు తికమకపడి, "ఏమంటున్నారు బాబూ, భోజనం ఆపరా?" అంది. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియలేదు.

ఆఖరి ప్రశ్న కూడా తర్జుమా చేశాను, ఆ మాట ఎవరు ఎంచుకున్నారని అడుగుతున్నారని. స్టాఫ్ కనుక్కుని చెబుతారు అన్నాడు కౌన్సిల్‌ని నడిపే మేయరు. స్టాఫ్ అంటే నేనే. "ఆఫీసువాళ్ళు చూస్తారటమ్మా" అని తెలుగులో చెప్పి వచ్చి కూర్చున్నాను. ఆవిడ కార్డుని ఎటు వెయ్యాలో తోచక తటస్థం అని ఎక్కించాను. ఆ రోజు ఆ హాల్లో తటస్థం కానివాళ్ళెవరైనా ఉంటే అది ఆవిడే.

తుది ఓటుకి ఇంకా రెండు వారాలుంది. సంఖ్య పడిపోయింది అవసరం తగ్గి కాదు, నేను ఎంచుకున్న తెలుగు మాట వల్ల అని ఒక సప్లిమెంటల్ మెమో రాశాను. ముందు ఇచ్చిన నోట్‌ని సవరించే కాగితం అది. డెనీస్ చదివి, ఇది రికార్డులో శాశ్వతంగా ఉంటుంది, ఆలోచించుకో అంది. ఉండనీ అన్నాను. కాగితం మీద పేరు మార్చి 'మధ్యాహ్న భోజనం' అని రాస్తే చాలు, రెండు నెలలు ఆగి చూడండి అని అడిగాను.

ఫలితం నాకు ఇవాళ్టికీ కొరుకుడు పడదు. మాటకి జడిసి పేరు మార్చితే సిగ్గుకి లొంగినట్టే కాబట్టి మార్చం అని వామపక్షం సభ్యులు నలుగురూ భోజనాన్ని తరలించడానికే ఓటేశారు. ఖర్చు తగ్గించే ఏ పనికైనా సరే అని మిగతా ముగ్గురూ అటే వేశారు. పెద్దల మీద ప్రేమ వాళ్ళకీ ఉంది, వీళ్ళకీ ఉంది. అబద్ధమనుకోలేను. ఏడుగురి చేతులూ ఒకేసారి లేవడం ఆ ఏడాది అదొక్కసారే చూశాను.

జూన్ ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం తూర్పు సెంటర్‌కి వెళ్ళాను. నాకూ అరవై దాటాయి కాబట్టి తినే అర్హత ఉంది. తలుపు దగ్గర కాగితం, దాని మీద నేను రాసిన మాట. పెన్ను చేతిలోకి తీసుకుని, ఎవరైనా తెలిసిన తెలుగువాళ్ళు చూస్తున్నారా అని చుట్టూ చూశాను. అలా చూశానని ఆ తర్వాతే గ్రహించాను. సంతకం పెట్టి లోపలికి వెళ్ళాను.

రత్నకుమారి గారు కిటికీ పక్క బల్ల దగ్గర ఒక్కరే ఉన్నారు. ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ అడగకుండానే నా ట్రేలో కందిపొడి వేసింది.

"అమ్మా, ఆ మాట రాసింది నేనే" అన్నాను.

"తెలుసు బాబూ. అంత తప్పుల్లేని తెలుగు ఈ ఊరి ఆఫీసులో ఇంకెవడు రాస్తాడు? ఆ రోజు నీ నోట తెలుగు వినగానే అనుకున్నాను."

"మరి అప్పుడే అనలేదేం?"

"అడిగాను కదా" అంది, అన్నం కలుపుకుంటూ. "నువ్వు చెబుతావని చూశాను."

జూలై ఒకటిన కొత్త ఆర్థిక సంవత్సరం మొదలైంది, తూర్పు సెంటర్‌లో భోజనం ఆగిపోయింది. ఫ్రీవే అవతలికి వ్యాన్ పెడతామన్నారు. పెట్టారు కూడా. రత్నకుమారి గారి సంతకం అక్కడి కాగితాల్లో నాకు ఎప్పుడూ కనబడలేదు. ఉద్యోగంలో మిగిలినన్నాళ్ళూ, ఏ చోట సంఖ్య తగ్గినా, కారణం రాసేముందు అక్కడికి వెళ్ళి ఆ కాగితం మీద సంతకం పెట్టి ఒక పూట తిని వచ్చాను. ఆ సాయంత్రం జనం కోపం దేని మీదో మాత్రం ఇప్పటికీ చెప్పలేను. ఆ హాల్లో జవాబున్న ప్రశ్న ఒక్కటే అడిగారు, ఆ జవాబు నా దగ్గరుంది, నేను చెప్పలేదు.